ఓడకు ముందు విడిది

సింధనూరునుండి మాన్వికి పోవు త్రోవలో, కాలువగట్టు నానుకొని యున్న మా క్యాంపులో, ధాన్యము మిల్లు చేరి, డబ్బు చేతికి వచ్చి, రెండవ పంటకు నీరు లేదని తేలిపోయిన యేడు, సాయంకాలమనునది రైతునకు మోయరాని బరువుగా పరిణమించును. 1953లో తుంగభద్రకు ఆనకట్ట నిలిచిన తరువాత, ఎడమకాలువ క్రింద నల్లరేగడి చవుకగా దొరకునని గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములనుండి మూటాముల్లె సర్దుకొని వచ్చినవారి బిడ్డలము మేము. మా మనుమలు బడిలో కన్నడము చదివి యింటిలో తెలుగున పోట్లాడుకొందురు. ఆ పోట్లాట యొకనాటి సాయంకాలము పెద్దలకును సంక్రమించగా, అరుగుచివర కూర్చుండి వినిన నేను దానికి సంవాదమని గౌరవనామము పెట్టి యిచట వ్రాయుచున్నాను.

వాదులిరువురు. పెద్దవాడు అరువది యెనిమిదేండ్ల కమతగాడు. కాలువ తూము తెరచు వేళ తప్ప గడియారముతో పని పెట్టుకొనని మనిషి. రెండవవాడు ఆయన భార్యకు తమ్ముడు. రాయచూరు స్టేషనులో ముప్పదియైదేండ్లు ఉద్యోగము చేసి విశ్రాంతి గొన్నవాడు. గోడమీద గడియారము రెండు నిమిషములు వెనుకబడినచో అన్నము సహింపదు. వారు మాటాడినది క్యాంపు మాటలలోనే. దానికి ఇస్త్రీ ఉత్తరీయము కప్పి గ్రంథమున కూర్చుండబెట్టినవాడను నేను.

వివాదమునకు మూలమిది. డాలసులో నున్న కుమారుడు, తల్లిదండ్రులు జన్మమున ఒక్కమారైన ఊరక కూర్చుండవలెనను సంకల్పముతో, ముంబయినుండి గోవాకు పోయి వచ్చెడి విహారనౌకలో మూడు రాత్రులకు టిక్కెట్లు కొని పంపినాడు. ఓడ పేరు ఎంప్రెస్. 1990లో నిర్మింపబడి, చిరకాలము పరసముద్రములలో తిరిగి, 2021నుండి కార్డీలియా సంస్థవారిచే మన తీరమున నడుపబడుచున్న 48,000 టన్నుల పైచిలుకు నౌక. పోవలెనా మానవలెనా యనునది తేలిపోయిన విషయమే. మంగళవారము సాయంకాలము కదలెడి ఆ ఓడకొరకు ముంబయికి ఎప్పుడు చేరవలెనన్నదే చిక్కు.

బావ: "సోమవారము రాత్రి రాయచూరులో చెన్నై బండి యెక్కితిమా, మంగళవారము మధ్యాహ్నమునకు ముంబయి వీ.టీ. స్టేషనులో దిగుదుము. బల్లార్డు పియరు అచటికి మైలుదూరమని నీవే చెప్పితివి. చేతిసంచితో నడచిపోయి ఓడ యెక్కగలవానికి నడుమ లాడ్జి యెందులకయ్యా? మూడు రాత్రుల ఓడకు రెండు రాత్రుల లాడ్జియట! పెళ్ళికంటె విడిది పెద్దదని నలుగురును నవ్వరా?"

బావమరిది: "విడిది మాట మీరే తెచ్చితిరి గనుక ఆ దారినే పోవుదము, బావగారూ. ముహూర్తమునాడు బస్సు దిగి తిన్నగా పందిరిలోనికి వచ్చిన మగపెళ్ళివారిని మీ రెన్నడైన చూచితిరా? ముందటి సాయంకాలమే వచ్చి, కాళ్ళు కడిగికొని, ఉప్మా కాఫీలు పుచ్చుకొని, ఉప్మాలో ఉప్పు లేదని అలిగి, ఆ యలుక తీర్చుటకు పెద్దమనుష్యులు వచ్చి పోవుటకుగూడ వ్యవధి చాలునట్లుగా విడిది యను నేర్పాటును మన పూర్వులు కల్పించిరి. ముహూర్తమునకు జారుబాటు లేదు గనుక ప్రయాణమునకు జారుబాటు పెట్టిరి. ఓడ యంతకంటె కఠినము. పురోహితుడు మంత్రము సాగదీసి అరగంట గడపగలడు గాని, రేవువారిచ్చిన వేళ, సముద్రపు పోటు, ఓడను వెలుపలికి నడిపించు పైలట్టు, ఈ మూడును కుదిరిన క్షణమున కదలవలసిన ఓడ మీకొరకు సాగదీయదు. కదలుటకు ఒకటి రెండు గంటలకు ముందే యాత్రికుల ద్వారము మూసివేయుదురు. ఆ తరువాత వచ్చినవాని టిక్కెట్టు డబ్బు నీళ్ళపాలు. ఈ తావున ఆ మాటకు వేరు అర్థము లేదు."

బావ: "మధ్యాహ్నము దిగి సాయంకాలము ఎక్కువానికి నాలుగు గంటల గడువున్నది గదా!"

బావమరిది: "కాగితముమీద నున్నది. ముప్పదియైదేండ్లు నేను కాగితమునకును పట్టాలకును గల భేదమును రిజిస్టరులో వ్రాసినవాడను. షోలాపురము, పూనా దాటువరకు బండి బుద్ధిగా వచ్చినదనుకొనుడు. ఖండాలా తరువాత భోర్‌ఘాటు వచ్చును. 1863లో తెరచిన త్రోవ. ముప్పదియేడడుగుల కొక అడుగు చొప్పున దిగుడు. దిగెడి బండిని నిలిపి, బ్రేకులు పరీక్షించి, పట్టు సరిగా నున్నదని తేలినగాని వదలరు. పట్టు తప్పిన బండి యూరిమీదికి ఉరుకకుండ, ఎగువకు ఎక్కి తనంతట తాను నిలిచిపోవుటకై ప్రత్యేకముగా మరియొక పట్టాదారి వేసి యుంచిరనగా, ఆ చోట తొందర యెంత పాపమో మీరే ఊహింపుడు. అది దాటినంతనే కల్యాణ్ జంక్షను. అచటినుండి నిమిషములమీద నడచెడి లోకల్ బండ్లకు దారి యిచ్చుచు, దూరపు బండి దొడ్డిలోని యెద్దువలె తల యెత్తి చూచుచుండవలెను. కల్యాణ్ దగ్గర చిక్కుకొనిన పెళ్ళికొడుకు మీరు కావలెనా?"

శ్లేషకు నేను నవ్వితిని. బావగారు నవ్వలేదు.

బావ: "నీ బండి ఆలస్యమగునని నీవే చాటుట నీవు తినిన ఉప్పునకు న్యాయమేనా? ఇన్నేండ్లుగా ఎందరు ముంబయి పోయి రాలేదు?"

బావమరిది: "మొన్న 2024 ఆగస్టు 10 రాత్రి మన ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగినపుడు, డెబ్బదియేండ్లు నిలిచిన గొలుసు ఇప్పుడెందుకు తెగునని మీరు దుప్పటి కప్పుకొని పడుకొంటిరా? తెల్లవారక మునుపే మోటారుసైకిలుపై హోసపేటకు పరుగెత్తినవారు మీరే గదా! వారము దినములలో అడ్డుపలకలు దించి నీటిని నిలిపిరి గాని, లేనిచో ఆ యేటి వరి గతి యేమి? గొలుసులన్నియు దినమును తెగవు, బండ్లన్నియు దినమును ఆలసింపవు. ఆ యొక్కనాడు మనది కారాదని గదా యీ జాగ్రత్త!"

ఈ దెబ్బ తగిలినది. కాలువరైతు ఎదుట గేటు మాట తెచ్చుట అధర్మయుద్ధమే యైనను, తగిలిన మాట నిజము. కొంతసేపు చుట్ట వెలిగించుటలో కాలయాపన చేసి, ఆయన వేరొక వైపునుండి దాడి వెడలెను.

బావ: "జారుబాటు కావలెనందువు, ఒప్పుకొందును. దానికి ఒక పూట చాలును. నీవు వ్రాసిన కాగితమున రెండు దినములున్నవి. శనివారము రాత్రి బయలుదేరుటయట. ఆదివారము గేట్‌వే, వస్తుప్రదర్శనశాల. సోమవారము లాంచీలో ఎలిఫెంటా గుహలు, రాత్రి మెరీన్ డ్రైవు. ఇది జారుబాటు కాదు, నీ ముచ్చట. పైగా మనుమడు ఫోనులో చూచి చెప్పినాడు: ఎలిఫెంటా సోమవారము మూసి యుంచుదురట!"

రైల్వే మనిషి ముఖము చూడవలసినదే. సెలవుదినము గమనింపక కాలపట్టిక వ్రాసితిననెడి అపరాధము, బండి పట్టాలు తప్పిన దానికంటె ఘోరముగా ఆయనను కుదిపినది. జేబులోని కాగితము తీసి, సోమవారపు వరుసను పెన్నుతో మెల్లగా కొట్టివేసెను.

బావ: "అంతటితో ముగియలేదు. రాయచూరు కోటలో, నలుబది అడుగుల పైచిలుకు పొడవుగల యొకే రాతిమీద, కాకతీయుల సేనానులు 1294లో ఆ కోట కట్టించిరని తెలుగున శాసనమున్నది. ఆ రాతిని బండిమీది కెక్కించి లాగికొని వచ్చెడి బొమ్మకూడ చెక్కిరట. నీవు ఆ యూర ముప్పదియైదేండ్లు కాపురమున్నావు. ఎన్నిమారులు చదివితివి?"

బావమరిది: "బొమ్మ చూచితిని. శాసనము... ఎండగా నుండెను."

బావ: "ఇంటిప్రక్క శాసనము ముప్పదియైదేండ్లలో చదువనివాడు ముంబయి మహానగరమును ఒకటిన్నర దినమున చూపించునట! ఊరు చూచుటకు పోయినచో ఊరే చూడవలెను. ఓడ కొరకు పోయినచో ఓడ యెక్కవలెను. రెంటిని కలిపితిమా, గుహల మెట్లమీద మోకాళ్ళు పట్టుకొని, మరునాడు ఓడలో మంచము దిగలేక పడియుందుము. ఊరిలో ఆగిన కొలది చిక్కులే. గాంధీగారి చరిత్ర నీ వెరుగనిదా? 1888లో సీమకు పోవుటకు బొంబాయి వచ్చి, వానకాలమున సముద్రము బాగుండదని మిత్రులనగా ఆగిపోయెను. ఆగినందున కులపెద్దలు సభ చేసి వెలివేసిరి. ఖర్చులకై దాచిన డబ్బును బంధువు ఇయ్యననెను. తిన్నగా ఓడ యెక్కియున్నచో ఈ గొడవ లేకపోవును."

డబ్బు ఇయ్యనన్న ఆ బంధువును ఇంగ్లీషు పుస్తకములో సూచించిన మాట మన బావకును బావమరిదికిని సమముగా వర్తించును గనుక, ఆ నిందను అరుగుమీది వారిరువురును చెరిసగము పంచుకొనవచ్చునని నేను మెల్లగా సూచించితిని. నన్నెవ్వరును లెక్కపెట్టలేదు.

బావమరిది: "సగము చరిత్ర చెప్పితిరి. అచట ఆగినందుననే, అదే సీమకు పోవుచున్న జునాగఢ్ వకీలుగారి సంగతి తెలిసి, ఆయన గదిలోనే గాంధీగారికిని పడక కుదిరినది. సెప్టెంబరు 4న తోడుతో ఓడ యెక్కెను. ఆగిన దినములు చిక్కులు తెచ్చిన మాట నిజమే, తోడును తెచ్చినవి. అదియు నటుండనిండు. మన రాయచూరు హాజీలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1995లో సముద్రమార్గము ఆగిపోవువరకు, బొంబాయిలో ఓడ యెక్కవలసిన వృద్ధులు మా ప్లాటుఫారమునుండియే బయలుదేరెడివారు. వారిని సాగనంపుటకు వచ్చినవారి యత్తరు వాసన బండి పోయిన గంట తరువాతకూడ టిక్కెట్టు కిటికీ దగ్గర నిలిచియుండెడిది. వారిలో ఓడ కదలునాడే బొంబాయిలో దిగుదుమనిన వానిని నేను చూచి యెరుగను. క్రాఫర్డు మార్కెట్టు చెంతనున్న సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా వంటి వానిలో దిగి, కాగితములు సరిచూచుకొని, పోవువారును పంపువారును కన్నీరు తుడిచికొనుటకు తీరిక చేసికొనెడివారు. ముసాఫిర్‌ఖానా యనగా నేమి? విడిదియే. 1871లో బొంబాయి పట్టాలును మద్రాసు పట్టాలును మా రాయచూరులో వచ్చి కలిసిన నాటినుండి ఈ దారిన ఓడకు పోయిన వారందరును తెలివితక్కువవారా?"

ఈ సందర్భమున, తన పక్షమునకు మరింత బలము చేకూర్చుకొనుటకై, ఆయన టిక్కెట్టు ప్రతిని, బావగారి ఆధారు కార్డును బల్బు క్రింద పరచెను. ఆధారులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ముందు నిలిచి యున్నది. టిక్కెట్టులోనో, అమెరికాలో నలిగిన కుమారుని చేతివ్రాతకు లోబడి, అదే ఇంటిపేరు పూర్తిగా విప్పుకొని పేరునకు వెనుకకు పోయి కూర్చున్నది. ఓడ దేశము దాటదు గనుక పాసుపోర్టు అక్కరలేదు, ప్రభుత్వమిచ్చిన ఫోటో గుర్తింపు చాలునన్నది నిజమే. కాని ద్వారముకడ కూర్చున్న గుమాస్తా, తెలుగువాని ఇంటిపేరు ముందుండునా వెనుకనుండునా యని విచారణ చేయుటకు బద్ధుడు కాడు.

"ఇట్టివి సరిచేయుటకే ముందుగా పోవలెను," అని బావమరిది. "ఇట్టివి సరిచేయుటకు ముంబయి యెందులకు? రేపు ఉదయము ఫోను చేసి ఇచటనే సరిచేయుము," అని బావ. ఇందు నా తీర్పు బావగారి పక్షమే. ఇంటిదగ్గర తీరవలసిన తప్పును రేవుదాక మోసికొనిపోవుట మూఢత్వము. విడిది ఆలస్యమునకు విరుగుడే గాని అజాగ్రత్తకు మందు కాదు.

పిమ్మట బస యెచటనను ప్రశ్న వచ్చినది. బావగారికి మాటుంగామీద మోజు. ఆ స్టేషనుకడ రామానాయక్ గారి ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు 1942నుండి అరటియాకులో అన్నము వడ్డించుచున్నదని వినియున్నాడు. గోధుమరొట్టెను ఆపద్ధర్మముగా తప్ప స్వీకరింపని మనిషికి అది యొక తీర్థక్షేత్రము. దాదరులో ఆంధ్రమహాసభ యున్నది, తెలుగు మాట వినిపించునని మరియొక కారణము. బావమరిది ఒప్పుకొనలేదు.

బావమరిది: "తినుటకు మాటుంగా పోవుదము, పరుండుటకు వలదు. అచట పడక వేసికొనినవాడు ఓడ యెక్కవలసిననాడు సంచులతో ఊరంతయు దాటి రావలెను. బస ఫోర్టు ప్రాంతముననే, వీ.టీ.కిని బల్లార్డు పియరునకును నడుమ నుండవలెను. 2025 సెప్టెంబరులో అచట విహారనౌకలకు క్రొత్త భవనమును ప్రారంభించిరి. ఏ ద్వారమున లోనికి పోనిచ్చెదరో ముందుగా అడిగి వ్రాసికొందును. బండి విషయమునను మెలకువ వలెను. రాయచూరుమీదుగా పోయెడివన్నియు వీ.టీ.కి పోవు. కొన్ని కుర్లా టెర్మినస్‌లో ఆగిపోవును. అచట దిగినచో మీ మైలుదూరము పది మైళ్ళగును. మరియొక చిక్కు: లాడ్జివారు ఉదయము గది ఖాళీ చేయుమందురు, ఓడవారు మధ్యాహ్నముగాని రమ్మనరు. ఆ నడిమి గంటలు సంచులు ఎచట నుంచవలెనో గది తీసికొనునపుడే మాటాడుకొనవలెను. పెద్దపెట్టెలు రేవులో చీటీ కట్టి వారికి అప్పగించినచో గది గుమ్మమునకు చేర్చుదురు. కాని అవి యెప్పుడు చేరునో తెలియదు గనుక రక్తపుపోటు మాత్రలు చేతిసంచిలోనే యుండవలెను."

ఇంతవరకు లోపల కూర్చుండి చింతపండు గింజలు తీయుచున్న అక్కగారు, చేట పట్టుకొనియే గుమ్మములోనికి వచ్చిరి. ఆమె మాటకు నేను ఉత్తరీయము కప్పలేదు, కప్పినను నిలువదు.

"ఒరే తమ్ముడూ, ఓడలోకి ఆవకాయ రానిస్తారా?"

"బయటి తిండి రానీయరే అక్కా."

"మరి రెండు సీసాలు కట్టానే! సరే, ఒకటి లాడ్జీలో తింటాం, ఒకటి ఇక్కడే ఉంటుంది." ఈ విధముగా, ఇరువురు పురుషులు గంటన్నరగా తేల్చని లాడ్జి ప్రశ్నను ఆమె సీసా మూతతో తేల్చివైచి, చేట క్రింద పెట్టి కూర్చుండిరి. "మీరిద్దరూ బండి గురించి కొట్టుకుంటున్నారు గానీ, నన్నెవరైనా అడిగారా? నాకు గుహలొద్దు, గేటొద్దు. నరసాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో సముద్రం చూశానంట. నాకేం గుర్తు, చంకలో పిల్లని. ఇక్కడికొచ్చాక చూసిన నీళ్ళంటే కాలవ నీళ్ళే. నాన్న మనల్ని ఇటు తీసుకొచ్చినప్పుడు ఏం చేశాడు? తిన్నగా పొలంలోకి దింపాడా? బళ్ళారి సత్రంలో నాలుగు రోజులు కూర్చోబెట్టి, తనొక్కడే వచ్చి, ఆ నల్లమట్టి తడిపి, పిసికి, ఆరబెట్టి చూసుకుని, అప్పుడు అమ్మని రమ్మన్నాడు. అమ్మ చచ్చేదాకా ఆ సత్రం గురించే చెప్పేది, పొలం గురించి కాదు. నేనూ అంతే. ఆ ఓడెక్కే ముందు ఒక సాయంత్రం ఒడ్డున కూర్చుని ఆ నీళ్ళని చూడాలి. ఎక్కాక చూస్తే ఏం లాభం, అప్పుడు మనం దాని చేతిలో ఉంటాం."

ఎవ్వరును వెంటనే మాటాడలేదు. బావగారి చుట్ట ఆరిపోయినది. ఆ సత్రపు నాలుగు దినములనుగూర్చి ఆయనకును తన యింటి కథ యొకటి యుండెనని నే నెరుగుదును. ఆయన తండ్రి గంగావతిలో ఒక కొట్టము క్రింద పక్షము దినములు గడపెను. కాని దానిని ఆయన చెప్పలేదు.

బావమరిది కాగితము త్రిప్పి తెల్లవైపున మరల వ్రాయ నారంభించెను. ఈమారు ఆయన పద్ధతి నాకు స్పష్టముగా కనబడినది: ఆయన ఓడనుండి వెనుకకు లెక్కించును. ద్వారము మూయు వేళ, దానికి ముందు రేవు చేరు వేళ, దానికి ముందు గది ఖాళీ చేయు వేళ, ఇట్లు మెట్టుమెట్టుగా దిగి ఇంటి గడపకడకు వచ్చును. బావగారో గడపనుండి ముందుకు లెక్కించును: పాలు పిదికిన తరువాత, పశువులను పాలేరునకు అప్పగించిన తరువాత, సింధనూరులో బస్సు, రాయచూరులో రాత్రి బండి. ఒకరి వ్రేళ్ళు పైనుండియు, మరియొకరి వ్రేళ్ళు క్రిందినుండియు కదలి, కాగితము నడుమ ఎదురుపడినవి.

బావమరిది: "తెల్లవారుజామున ఉద్యాన్ బండి యెక్కుదమందునా, రాత్రి భోజనమువేళకు గాని చేర్చదు, అక్కకు సాయంకాలము దక్కదు. శనివారము ప్రయాణమన్న నా మాట తీసివేయుచున్నాను. మీరు చెప్పిన రాత్రి బండియే యెక్కుదము. కాని సోమవారము కాదు, ఆదివారము."

బావ: "బండి నాది, దినము నీది."

బావమరిది: "సోమవారము మధ్యాహ్నము దిగుదుము. బండి ఆరు గంటలు ఆలసించినను మంగళవారమునకు భంగము లేదు. ఆలసింపనిచో, అక్కకు అపోలో బందరు గట్టుమీద సాయంకాలము. ఒక్క రాత్రి గది."

బావ: "మాటుంగా భోజనము?"

బావమరిది: "సోమవారము దానికి తీరిక లేదు. దిగివచ్చిన తరువాత, తిరుగు ప్రయాణమున."

బావగారు ఇందుకు ఒప్పుకొనిరో లేదో నాకు తెలియలేదు, ఏలననగా అక్కగారు మరల చేట యెత్తి ఒడిలో పెట్టుకొని, "ఒరే, ఆ గది కిటికీలోంచి నీళ్ళు కనపడతాయా?" అని అడిగిరి. తమ్ముడు తెల్లబోయెను. ద్వారములు, వేళలు, దూరములు అన్నియు వ్రాసికొనిన కాగితమున కిటికీ లేదు. బావగారు చేయి చాచి ఆయన చేతిలోని ఫోను తీసికొని, కండ్లజోడు నొసటిమీదికి నెట్టి, "నెంబరేదీ, నేనే అడుగుతాను," అనిరి.